మకు గుడిస్తే మి

నిన్న వాన వెలిశాక, బస్టాండు ముందు కూరగాయలు అమ్మే ఆమె తన తోపుడు బండి మీద కప్పిన నీలం టార్పాలిన్ పట్టాను రెండు చేతులతో పట్టి దులిపింది. నీళ్లు నా చీర మీద చిందాయి. "అయ్యో అక్కా, సూడలే" అని ఆమె అంటూనే ఉంది, నేను మాత్రం అక్కడే నిలబడిపోయాను. తడిసిన పట్టా వాసన, దాని మడతల్లో ఇరుక్కున్న పాత దుమ్ము వాసన, అడుగున ఎక్కడో కొంచెం తుప్పు వాసన. అది ముక్కుకు తగిలిందంటే నా కుడిచేతి చూపుడువేలు దానంతటదే ముందుకు వస్తుంది, గాలిలో ఏదో అక్షరం కింద ఆనించినట్టు నిలబడుతుంది. చూసేవాళ్లకు నవ్వొస్తుందేమో. నాకు మాత్రం నవ్వు రాదు. రూతమ్మ టీచరు ఇంటి ముందు రెండేళ్లు పట్టా కింద పడి ఉన్న సొట్ట కారు, ఆ కారు కోసం మేము పడ్డ వారం రోజుల యాతన, అందులో నేను చేసిన తప్పు, అన్నీ ఒక్కసారి మీదికి వస్తాయి.

రూతమ్మ టీచరు సన్నగా, పొట్టిగా ఉండేది. నడిస్తే చెప్పుల చప్పుడు వినపడేది కాదు, గొంతు మాత్రం గేటు దాకా వచ్చేది. చిన్నపిల్లల బడిలో జీవితమంతా పనిచేసి, రిటైరయ్యాక పెద్ద చర్చి వెనక సందులో రెండు గదుల ఇంట్లో ఉండేది. భర్త దేవదానం సారు పోయాక ఒక్కతే. పిల్లలు లేరు. నేను కూడా నా భర్త పోయాక శివ్వంపేట పక్క పల్లె నుంచి మెదక్ వచ్చి, ఆమె ఇంట్లో వంటకు కుదిరాను. అప్పటికి నాకు నలభై ఏడేళ్లు. ఒక్క అక్షరం రాదు. పని మొదలుపెట్టిన రెండో వారమో మూడో వారమో, పాల ప్యాకెట్టు మీద తారీఖు చూడమని అడిగింది. నేను ప్యాకెట్టును ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. ఆమె నవ్వలేదు. సాయంత్రం బజారుకు పోయి పలక కొనుక్కొచ్చింది.

"ఈ వయసుల నాకెందుకు టీచరమ్మా? బస్తీల నవ్వుతరు," అన్నాను.

"నవ్వనియ్. నవ్వితే వాళ్ల పండ్లు కనపడ్తయి. నీకేం పోతది?"

నవ్వారు కూడా. నల్లా దగ్గర బిందె పెట్టిన ప్రతిసారీ ఎవరో ఒకరు, "ఏం యాదమ్మా, కలెక్టరువైతవా ఏంది?" అనేవాళ్లు. బస్సు బోర్డు చదివేటంత అయితే చాలని పైకి అనేదాన్ని. లోపల మాత్రం కలెక్టరు కంటే ఎక్కువే అనుకునేదాన్ని. ఆ గర్వం సంగతి తర్వాత చెప్తాను.

నేను చదివిన మొదటి మాట పలక మీద లేదు, కారు మీద ఉంది. దేవదానం సారు తన తెల్ల కారు డిక్కీ మీద స్టిక్కరు అక్షరాలతో పేరు అతికించుకున్నాడు. ఒకసారి రామాయంపేట రోడ్డు మీద వెనక నుంచి ట్రాక్టరు గుద్దింది. సారుకు ఏమీ కాలేదు. కారు డిక్కీ లోపలికి నొక్కుకుపోయి, వెనక చక్రం వంకరపోయింది. బాగు చేయిద్దాం, చేయిద్దాం అనుకుంటుండగానే కొన్ని నెలలకు సారు గుండె ఆగి పోయాడు. కారు గేటు లోపల గోడవారన పట్టా కింద ఉండిపోయింది. గుద్దిన చోట 'దేవ' రంగుతో పాటు లేచిపోయి, 'దానం' మిగిలింది. టీచరు పట్టా ఎత్తి ఆ మిగిలిన అక్షరాల మీద నా వేలు పెట్టించింది. "దకు దీర్ఘమిస్తే దా. న పక్కన సున్న పెడితే నం." ఊడ్చేటప్పుడల్లా పట్టా ఎత్తి దాన్ని చూసేదాన్ని. కొన్నాళ్లకు ఆ మాట ఎంత గుంపులో ఉన్నా, మనవరాలి ముఖం పోల్చుకున్నట్టు పోల్చుకునేదాన్ని.

ఒక ఆదివారం టీచరు చర్చి నుంచి వచ్చి, చెప్పులు విప్పకుండానే కారు ముందు నిలబడింది. "ఆయన దేవుని కాడికి పోయిండు, దానం మన ముందట మిగిలింది. ఇగ అది మనమే చెయ్యాలె యాదమ్మా," అంది. నిజాంపేట అవతల శాంతమ్మ అని ఒకామె, ఎవరూ లేని ముసలివాళ్లను పెట్టుకుని చిన్న ఇల్లు నడుపుతుంది. చుట్టుపక్కల అందరూ దాన్ని అమ్మ ఇల్లు అంటారు. అక్కడ మల్లవ్వ అనే ముసలామెకు కిడ్నీలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు మెదక్ దవాఖానకు వచ్చి రక్తం కడిగించుకోవాలి. ఆటో దొరికిన రోజు వచ్చేది, దొరకని రోజు రాలేకపోయేది. రాని రోజు తర్వాత ఆమె ముఖం ఉబ్బి కళ్లు మూసుకుపోయేవట. కారు బాగుచేయించుకుంటే మల్లవ్వ ఒక్క రోజు కూడా తప్పదని శాంతమ్మ ఫోనులో చెప్పింది. ఇంజన్ బాగానే ఉంది, వెనక భాగం సరిచేస్తే నడుస్తుందని మెకానిక్ కూడా అన్నాడు. టీచరు ఇస్తానని మాట ఇచ్చింది.

ఇక్కడ నా చదువులోని రోగం ఒకటి చెప్పాలి. నేను మాటలో మొదటి రెండు అక్షరాలు చదివి, మిగిలినది ఊహించుకుని ముందుకు దూకేదాన్ని. వంటింట్లో డబ్బాలన్నింటికీ టీచరు పేర్లు రాసి అతికించింది. ఒకరోజు పప్పు ఉడుకుతుంటే 'ఉప్' వరకు చదివి, ఉప్పే అనుకుని రెండు చెంచాలు వేసేశాను. అది ఉప్మా రవ్వ. టీచరు ఆ పప్పును అన్నంలో కలుపుకుని, సగం తిని, నెమ్మదిగా అంది.

"పప్పుల ఉప్పు లేదు గని, రేపటి టిఫిను ఉంది."

నాకు భూమిలోకి పోవాలనిపించింది. ఆమె డబ్బా తెప్పించి, నా వేలు పట్టుకుని అక్షరాల కింద నడిపించింది. "వేలు పెట్టి చదువు. రాని అక్షరం కాడ ఆగు. ఆగితే సిగ్గు లేదు. దూకితేనే ఉంది." అలాగేనని తలూపాను. మరుసటి రోజు నుంచి మళ్లీ దూకడమే. వేలు పెట్టి చదివితే చిన్నపిల్లలా ఉంటుందని నాకు నామోషీ.

ఆ వానాకాలం మొదట్లో టీచరు ఒక కంట్లో పొర తీయించుకుంది. రెండో కన్ను ముందే మసక. నల్లద్దాలు పెట్టుకుని కూర్చునేది. కొన్నాళ్ల పాటు ఒక్క అక్షరం కూడా చూడొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఆపరేషన్ అయిన మూడో రోజు పొద్దున గేటు ముందు బండిని లాగే ట్రాలీ వచ్చి ఆగింది. దానిలోంచి నలభై ఏళ్ల మనిషి దిగాడు. చేతిలో ఫైలు, చంకలో హెల్మెట్.

"నమస్తే టీచరమ్మా. నేను రాజేందర్. రామాయంపేటల నాది షెడ్డు. శాంతమ్మ పంపింది, కారు తీస్కపోనీకి."

శాంతమ్మ పేరు చెప్పాడు, మల్లవ్వ సంగతి చెప్పాడు. అనుమానించడానికి ఏమీ లేదు. టీచరు ఆర్సీ కార్డు ఎక్కడో సారు సంచిలో ఉంది, వెతికి పెడతానంది. "గది తర్వాత చూద్దాం. ఆర్టీవో కాగితాలు తెచ్చి సంతకం తీస్కుంట. ఇయాల్ల జర దీని మీద పెట్టుండ్రి," అంటూ ఒక కాగితం తీశాడు. టీచరు చెయ్యి చాచలేదు.

"యాదమ్మా, రా. చదువు."

అతను నన్ను కిందికీ మీదికీ చూశాడు. నా చేతికి అంట్ల బూడిద ఉంది. "గీమెనా? గీమె సదువుతదా? ఎండ ఎక్కుతుంది టీచరమ్మా, ట్రాలీ కిరాయిది."

చెయ్యి కొంగుకు తుడుచుకుని కాగితం అందుకున్నాను. జిరాక్సు మీద జిరాక్సు తీసిన కాగితం, సగం అక్షరాలు మాసిపోయి ఉన్నాయి. టీచరు పేరు, సారు పేరు, కారు నంబరు చదివాను. అతను చెప్పుతో నేల మీద తడుతున్నాడు. వేలు పెడదామనుకున్నాను. పెడితే అతను నవ్వుతాడు. తర్వాతి వరుసలో నాకు బాగా తెలిసిన మాట కనిపించింది. పలక పట్టిన ప్రతివాడూ మొదట నేర్చుకునే మాట. అ, దాని పక్కన మ కింద మ. అమ్మ. ఇంకేముంది, అమ్మ ఇల్లే కదా.

"కారును అమ్మ ఇంటికి ఇచ్చితిని," అని గట్టిగా చదివేశాను.

టీచరు నవ్వింది. గర్వంగా నవ్వింది. నేను చూపించిన చోట తడుముకుంటూ సంతకం పెట్టింది. నకలు ఒకటి ఇవ్వాల్సిందేనని పట్టుబట్టి ఇంకో కాగితం తీసుకుంది. పట్టా తీసేశారు. ఆ వాసన వాకిలంతా నిండింది. 'దానం' అన్న అక్షరాలు వెనక్కి తిరిగి మమ్మల్ని చూస్తున్నట్టుగా సందు మలుపు దాకా పోయి కనపడకుండా అయ్యాయి.

రెండు రోజుల తర్వాత గేటు చప్పుడైంది. శాంతమ్మ వచ్చింది, వెంట ఒక మెకానిక్.

"కారు కోసం వచ్చినం టీచరమ్మా. ఏడుంది?"

గోడవారన ఖాళీగా ఉన్న నేలను, నూనె మరకను ముగ్గురం చూశాం. "నువ్వే పంపితివి గద, రాజేందర్‌ను?" అంది టీచరు. "నేనెవ్వరిని పంపలే. రామాయంపేటల నాలుగు షెడ్లల్ల బాగుకు ఎంతైతదో అడిగిన, కారు ఎవరిదో, ఎవరి కోసమో చెప్పిన. గంతే." శాంతమ్మ అరుగు మీద కూర్చుంది. మొన్న ఆటో రాక మల్లవ్వకు ఒక పూట తప్పిందని, నిన్నటి నుంచి ఊపిరాడటం లేదని చెప్పింది. టీచరు అప్పుడు అన్న మాట ఇప్పటికీ నా ఒంట్లో ముల్లులా ఉంది.

"పరేషాన్ గాకు. కాగితం ఉంది. మా యాదమ్మ చదివింది. దానమనే ఉంది అందుల."

నేను వంటింట్లోకి పోయాను. నకలు తీశాను. దానం అన్న మాట కోసం వెతికాను. నాకు అది వెతకాల్సిన అవసరమే లేదు, ఉంటే అదే నన్ను పిలుస్తుంది. పై నుంచి కిందికి చూశాను, కింది నుంచి పైకి చూశాను. లేదు. అప్పుడు వేలు పెట్టాను. అ. మ్మి. తి. ని. అమ్మితిని. మ మీద గుడి ఉంది. చిన్న గుడి, గింజంత. నేను దాని మీదుగా దూకేశాను. కింద రాజేందర్ పేరుంది. అమ్మ ఇల్లు ఎక్కడా లేదు.

ఆ రోజంతా చెప్పలేదు. కాగితం రవికలో పెట్టుకుని తిరిగాను. అతను తొందరపెట్టి మోసపుచ్చాడని చెబుదామా, కాగితం మారిపోయిందని చెబుదామా అని నూరు రకాలుగా ఆలోచించాను. నల్లా దగ్గర నవ్వే ముఖాలు కనిపించాయి. టీచరు పలక తీసి అటక మీద పెట్టేస్తుందేమో అనిపించింది. శాంతమ్మ చెప్పిన ఉబ్బిన ముఖం కనిపించినప్పుడు మాత్రం అబద్ధం నోటిదాకా వచ్చి ఆగిపోయేది. మరుసటి రోజు మధ్యాహ్నం టీచరు కంట్లో చుక్కల మందు వేస్తుంటే మందు గురి తప్పి చెంప మీద పడింది.

"ఏమైంది?" అంది.

చెప్పేశాను. నిలబడే చెప్పాను, కూర్చునే ధైర్యం లేక.

ఆమె తిట్టలేదు, ఫరవాలేదని కూడా అనలేదు. "ఎక్కడ దూకినవ్? ఆ అక్షరం కాడ వేలు పెట్టు," అంది. పెట్టాను. ఆమె చూడలేదు కదా, తన వేలు తెచ్చి నా వేలి మీద ఆనించింది. "చదువు."

"అ. మ్మి. తి. ని."

"మళ్ల."

మూడుసార్లు చదివించింది. అప్పుడు అంది, "నేను చర్చికి పోయేదాన్నే. అయినా చెప్తున్న. గుడి వస్తే ఆగాలె యాదమ్మా, దాటిపోవద్దు." నాకు ఏడుపు, నవ్వు రెండూ ఒకేసారి వచ్చాయి. ఆమె ముఖంలో మాత్రం నవ్వు లేదు. "ఇంకొక్క సంతకం మిగిలింది. అది లేకుంటే కారు రాజేందర్ పేరు మీద ఎక్కది. వస్తడు. వచ్చినప్పుడు నువ్వే చదువు."

"నేను సదవ టీచరమ్మా. మీ చర్చిల ఎవరినన్న పిలుస్త."

"తప్పు చదివింది నువ్వు. సరిగ చదవాల్సింది కూడ నువ్వే. ఎవ్వరినీ పిలవొద్దు."

రెండు రోజులు గేటు వైపు చూస్తూనే ఉన్నాను. బండి చప్పుడైతే చేతిలో గిన్నె జారేది. మూడో రోజు పొద్దున అతను వచ్చాడు. ఫైలు, పెన్ను, ఆర్టీవో కాగితాలు. టీచరు కాగితాలు నా చేతికి ఇప్పించింది. అన్నీ ఇంగ్లీషు. అంత ఇంగ్లీషును అంత దగ్గరగా నేను ఎప్పుడూ చూడలేదు. ఇది కూడా ఏదో ఒకటి ఊహించి చదివెయ్యమని లోపల నుంచి పాత రోగం పిలిచింది. వేలు మొదటి అక్షరం కింద పెట్టాను. ఆగాను.

"ఇది ఇంగ్లీషు. నాకు రాదు," అన్నాను.

నా నోటితో 'రాదు' అని పరాయివాడి ముందు అనడం అదే మొదలు.

"రాదంటివి గద, ఇంకేంది? పక్కకు జరుగు. టీచరమ్మా, పెట్టుండ్రి," అన్నాడు, పెన్ను చాస్తూ.

"యాదమ్మకు రానిదాని మీద నేను పెట్టను," అంది టీచరు.

"పనిమనిషి సదువు మీద నడుస్తరా మీరు? అంత పెద్ద టీచరు!"

నేను రవికలోంచి నకలు తీసి గేటు మీద పరిచాను. వేలు పెట్టి మొదటి నుంచి చదివాను. ఒక్క అక్షరం కూడా దూకలేదు. పక్కింటి వాళ్లు గోడ మీద నుంచి చూస్తున్నారు. "అమ్మితిని అని రాసినవ్. టీచరమ్మ అమ్మలే. శాంతమ్మ నిన్ను పంపలే. దానమని చెప్పి తీస్కపోయినవ్. ఇందుల దానం ఏడుందో వేలు పెట్టి చూపియ్."

అతను కాగితం వైపు చూడలేదు. గొంతు పెంచాడు. "బండి నా షెడ్డుల ఉంది. సంతకం లేకుంటే ముక్కలు చేసి పాత ఇనుముకు ఏస్త. ఏం చేస్తరో చేస్కోండ్రి."

ముక్కలైతే మల్లవ్వ సంగతేమిటి? టీచరు నల్లద్దాలు అతని వైపే ఉన్నాయి.

"కారు మొదటి నుంచి నా పేరు మీదనే ఉంది. పోయిందని ఠాణాల దరఖాస్తు ఇస్త. రాసేది యాదమ్మ. యాదమ్మా, రాయి."

అతని చేతిలోని పెన్ను నేనే తీసుకున్నాను. ఎలా తీసుకున్నానో తెలియదు. అరుగు మీద కూర్చుని, కూరగాయల చిట్టీ వెనక మొదలుపెట్టాను. ఠాణా సారు గారికి. ఒక్కొక్క అక్షరం అల్లంలా వంకర టింకరగా వచ్చింది. అతను వెళ్లిపోవచ్చు, వెళ్లలేదు. నా పెన్ను ఎటు పోతుందో చూస్తూ నిలబడ్డాడు. రామాయంపేట నుంచి వచ్చిన అని రాశాను. అతని పేరు దగ్గరికి వచ్చాను. రా. జేం. అక్కడ ఆగిపోయాను. నకలులో అతని పేరు చివర మాసిపోయి ఉంది, నిజంగానే తెలియక ఆగాను. తలెత్తి అతన్నే అడిగాను.

"నీ పేరుల జే పక్కన సున్న ఒక్కటేనా, ద కింద ర కూడ ఉంటదా?"

పక్కింటామె కిసుక్కున నవ్వింది. నేను నవ్వలేదు. నాకు జవాబు కావాలి, అది తెలియకుండా ముందుకు పోను. అతను నా ముఖంలోకి చూశాడు. ఎగతాళి కాదని, చెప్పేదాకా అలాగే కూర్చుంటానని, చెప్పగానే రాసేస్తానని అతనికి అర్థమైనట్టుంది.

"ఆపు అక్కా," అన్నాడు. "ఆపు. పంపిస్త."

"ఈడికి కాదు. నిజాంపేటకు," అంది టీచరు.

మరుసటి రోజు కారు అమ్మ ఇంటికి చేరింది. స్టెప్నీ లేదు, పాటల పెట్టె లేదు, 'దానం' మాత్రం ఉంది. రాజేందర్ దగ్గరున్న అసలు కాగితాన్ని శాంతమ్మ తన కళ్ల ముందే చించేయించింది. పేరు మార్చే కాగితాలు వచ్చినప్పుడు చర్చి నుంచి ఇంగ్లీషు తెలిసిన పెద్దమనిషిని పిలిచి, ఆయన చేత ప్రతి వరుసా తెలుగులో చెప్పించి, నా వేలిని వెంట నడిపించి, అప్పుడే టీచరు సంతకం పెట్టింది. అందాకా శాంతమ్మ దొరికిన ఆటోలో మల్లవ్వను దవాఖానకు తెచ్చింది, నెల దాటకముందే కారు నడిచింది. మల్లవ్వ ఆ తర్వాత రెండేళ్లు బతికింది. దవాఖానకు వచ్చిన రోజు మా సందులో ఆపించుకుని, కిటికీలోంచి ఉబ్బని ముఖం బయటపెట్టి, "సదువుల యాదమ్మా!" అని పిలిచేది.

ఆ సగం దరఖాస్తు ఇప్పటికీ నా దగ్గర ఉంది. 'రాజేం' దగ్గర ఆగిపోయి ఉంటుంది. ఇప్పుడు బస్తీలో వాళ్లు కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వస్తారు. చదువుతాను. రానిది వస్తే "నాకు రాదు, వచ్చినోళ్ల కాడికి పోదాం పాండ్రి" అంటాను. ఆ మాట అన్న ప్రతిసారీ గేటు ముందు నిలబడ్డ రోజులాగే కొంచెం నామోషీ అనిపిస్తుంది. అయినా అంటాను.

పోయిన ఏడు టీచరు పోయింది. నిద్రలోనే పోయింది. సమాధి రాయి చెక్కించమని సంగారెడ్డిలో ఉన్న ఆమె చెల్లెలు నాకు ఫోన్ చేసింది. రాళ్లు చెక్కే ఆయన దగ్గరికి పోయాను. అంతా అయిపోయింది, డబ్బాలో నల్లరంగు కూడా కలిపి పెట్టుకున్నాడు. "మంచిగుంది సూడమ్మా," అన్నాడు. దూరం నుంచి చూస్తే బాగానే ఉంది. దగ్గరికి పోయి మొదటి అక్షరం కింద వేలు పెట్టాను. అక్కడే ఆగిపోయాను.

"రుతమ్మ అని పడ్డది. కొమ్ము ఉంది, దీర్ఘం లేదు."

"గంత చిన్నది ఎవరు సూస్తరమ్మా? పేరు తెల్సినోళ్లు సరిగనే సదువుతరు."

"తెల్సినోళ్లే ఊహించి సదువుతరన్నా. ఆమెకు నచ్చదు. దీర్ఘం ఇయ్యి."

సణుగుతూనే ఉలి అందుకున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. రాతి పొడి నా వేలి మీద, గోటిలో, చీర మీద పడింది. దీర్ఘం తేలాక, రంగు వేయక ముందే, మళ్లీ మొదటి నుంచి వేలు పెట్టి చదివాను. రూ. త. మ్మ. మ మీద గుడి లేదు. అయినా అక్కడ కాసేపు ఆగాను.